భౌతిక స్థిరాంకాలు మారితే ఏది ముందు పోతుంది? (లెక్కలతో చర్చ)

1. ముక్తవేగం

‘జీ రెట్టింపైతే ఏమవుతుంది, కాంతి వేగం సగమైతే ఏమవుతుంది’ అని ఎవరడిగినా ‘విశ్వమే ఉండదు’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. అది జవాబు కాదు. ఏది ముందు పోతుంది? ఎంత మార్పుకు పోతుంది? ఎంతసేపట్లో? ఇవి అంకెలతో కావాలి. మొదటి విడతగా మూడు మార్పులు పెడుతున్నాను: గురుత్వ స్థిరాంకం జీ రెండింతలు, కాంతి వేగం సగం, ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి పెరగడం. మిగిలినవన్నీ యథాతథం.

2. మితిరహితం

చిక్కంతా ఆ ‘మిగిలినవన్నీ యథాతథం’లోనే ఉంది. కాంతి వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లు అన్నది కొలిచిన విలువ కాదు, మీటరుకు ఇచ్చిన నిర్వచనం. 2019 మే 20 నుంచి ప్లాంక్ స్థిరాంకం, ఎలక్ట్రాన్ ఆవేశం, బోల్ట్స్‌మన్ స్థిరాంకం కూడా అలాగే నిర్వచనాలైపోయాయి. వేగంతో పాటు కొలబద్ద కూడా మారితే తేడా కనిపెట్టేదెవరు? మారిందని తేల్చి చెప్పగలిగేది మితిరహిత సంఖ్య (మీటరు, సెకను లాంటి ఏ కొలమానమూ అంటని ఉత్త అంకె) మారినప్పుడే.

ఈ చర్చకు మూడు చాలు. ఆల్ఫా, అంటే విద్యుదయస్కాంత బలం, 1/137.036. ప్రోటాన్‌కూ ఎలక్ట్రాన్‌కూ ద్రవ్యరాశుల నిష్పత్తి 1836.15. ప్రోటాన్ ద్రవ్యరాశితో కట్టిన గురుత్వ ఆల్ఫా సుమారు 5.9×10⁻³⁹.

ఇప్పుడు కాంతి వేగాన్ని సగం చేయండి. శూన్యపు పర్మిటివిటీని (విద్యుత్ బలం లెక్కలో వచ్చే స్థిరాంకం) స్థిరంగా ఉంచితే ఆల్ఫా రెట్టింపవుతుంది. అలా కాకుండా పర్మియబిలిటీని (అయస్కాంత బలం లెక్కలో వచ్చేది) స్థిరంగా ఉంచితే ఆల్ఫా సగానికి పడిపోతుంది, ఎందుకంటే ఆ రెండింటి లబ్ధం కాంతి వేగ వర్గానికి విలోమం. ప్రశ్న అదే, జవాబులు ఎదురెదురు దిక్కుల్లో. పైగా రెండు సందర్భాల్లోనూ గురుత్వ ఆల్ఫా రెట్టింపవుతుంది. ఒక్కటే మార్చామనుకుంటే రెండు మారాయి.

అందుకని ప్రతి ప్రశ్నకూ మూడు ముక్కలు జతచేయండి: ఏ మితిరహిత సంఖ్య మారింది, ఏవి కదలలేదు, మార్పు ఉన్నట్టుండి వచ్చిందా, నెమ్మదిగా వచ్చిందా, మొదటి నుంచే ఉందా.

3. ముక్తవేగం

ఒప్పుకున్నాను. అయితే (అ) గురుత్వ ఆల్ఫా రెండింతలు, పరమాణువుల్లో ఏ మార్పూ లేదు, మార్పు ఉన్నట్టుండి. (ఆ) ఆల్ఫా రెండింతలు, ఎలక్ట్రాన్, ప్రోటాన్ ద్రవ్యరాశులు అలాగే. (ఇ) ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి పెరుగుతుంది, ఆల్ఫా అలాగే. (అ)తో మొదలుపెడదాం.

4. కక్ష్యాలెక్క

భూమి కక్ష్య లెక్క కాగితం మీదే తేలుతుంది. మార్పు జరిగిన క్షణంలో దూరం, వేగం అవే. లాగే బలం మాత్రం క రెట్లు. వృత్తాకార కక్ష్య నుంచి మొదలైతే, పాత దూరాన్ని ఒకటిగా తీసుకున్నప్పుడు:

కొత్త అర్ధ గురు అక్షం (కక్ష్య పొడవులో సగం) = క / (2క − 1)
రెండో కొస దూరం = 1 / (2క − 1)

క = 2 పెట్టండి. అర్ధ గురు అక్షం 0.667, పరిహేళి (సూర్యుడికి అతి దగ్గరి చోటు) 0.333, ఉత్కేంద్రత (కక్ష్య ఎంత సాగిందో చెప్పే అంకె) 0.5, ఏడాది పొడవు 0.385, అంటే 141 రోజులు. పరిహేళి బుధుడి సగటు దూరం (0.387) కంటే లోపలికి వస్తుంది. అక్కడ వేగం సెకనుకు 89 కిలోమీటర్లు, ఎండ తొమ్మిది రెట్లు. ఆ పైన మళ్ళీ ఇప్పటి దూరానికి తిరిగొస్తుంది. ప్రతి 141 రోజులకూ ఇదే వరస. సూర్యుడి వెలుగు మారలేదనుకున్నా సంగతి ఇది.

క = 1.5 అయితే పరిహేళి సరిగ్గా సగం దూరంలో, ఏడాది 194 రోజులు. క = 0.9 అయితే భూమి బయటికి జరిగి 1.25 దాకా పోతుంది, ఏడాది 1.26 రెట్లు.

క = 0.5 దగ్గర పై సూత్రంలో హారం సున్నా. కక్ష్య పరావలయం అవుతుంది, భూమి ఇక తిరిగి రాదు. పదింతలు తగ్గక్కర్లేదు, సగమైతే చాలు. చంద్రుడికీ భూమితో ఇదే లెక్క.

5. సందేహాలరావు

భూమి కక్ష్య పూర్తి వృత్తం కాదు కదా. సరిగ్గా సగమైనప్పుడు ఉత్కేంద్రత 0.0167 ఎటు తోస్తుంది?

6. కక్ష్యాలెక్క

బాగా పట్టారు. తేదీని బట్టి మారుతుంది. జనవరి మొదట్లో పరిహేళి దగ్గర వేగం కాస్త ఎక్కువ, కాబట్టి అప్పుడు సగమైతే కక్ష్య అతిపరావలయం, భూమి పోయినట్టే. జూలై మొదట్లో అపహేళి (అతి దూరపు చోటు) దగ్గర వేగం కాస్త తక్కువ. అప్పుడు సగమైతే అతి సాగిన దీర్ఘవృత్తంలో నిలుస్తుంది: అర్ధ గురు అక్షం సుమారు 30 ఖగోళ మానాలు (ఒక మానం అంటే భూమికీ సూర్యుడికీ ఉన్న సగటు దూరం), దూరపు కొస దాదాపు 60, ఒక్క చుట్టుకు 237 ఏళ్ళు. ఆరు నెలల తేడాలో ఒకటి శాశ్వత వీడ్కోలు, ఇంకొకటి తోకచుక్క బతుకు.

7. సందేహాలరావు

కంప్యూటర్‌లో జీఎం (జీని సూర్యుడి ద్రవ్యరాశితో గుణిస్తే వచ్చేది) రెట్టింపు చేసి నడిపితే కక్ష్య వృత్తంగానే ఉంటోంది. ఏడాది మాత్రం 0.707 అయింది. మీరన్న 0.385 రావడం లేదు.

8. కక్ష్యాలెక్క

మొదటి వేగాన్ని కొత్త జీఎంతో కట్టి ఉంటారు. అందరూ పడే గుంట ఇది. ‘వేగం = జీఎం బై దూరానికి వర్గమూలం’ అన్న వరుస మార్పు తర్వాత నడిస్తే ప్రోగ్రాం తనే కొత్త వృత్తానికి సరిపోయే వేగం ఇచ్చేస్తుంది. భూమికి అలా ఎవరూ ఇవ్వరు.

ఇలా పెట్టండి. దూరం ఖగోళ మానాల్లో, కాలం ఏళ్ళలో. పాత జీఎం 4π², అంటే 39.478. మొదటి స్థానం (1, 0), మొదటి వేగం (0, 6.2832). ఈ రెండూ రాసేశాకే జీఎంను 78.957 చేయండి. కాలపు అడుగు 0.0005 ఏడాది. పద్ధతి లీప్‌ఫ్రాగ్: అర అడుగు వేగం, పూర్తి అడుగు స్థానం, మళ్ళీ అర అడుగు వేగం. మామూలు ఆయిలర్ పద్ధతి వాడితే ప్రతి అడుగుకూ శక్తి కొంచెం కొంచెం పెరుగుతూ పోతుంది. పరిహేళి దగ్గర వేగం మూడు రెట్లు కాబట్టి అక్కడ మరీ పెరుగుతుంది. నాలుగు చుట్లు తిరిగేసరికి బొమ్మ విచ్చుకుపోతుంటే తప్పు భౌతికశాస్త్రంది కాదు, అడుగుది. మొత్తం శక్తిని ప్రతి చుట్టుకూ అచ్చువేసి చూసుకోండి, −59.2 దగ్గర నిలబడాలి.

9. తారాగర్భం

కక్ష్య సరే, సూర్యుడు ఊరుకుంటాడా? 1937లో డిరాక్ జీ కాలంతో పాటు తగ్గుతోందని ప్రతిపాదించాడు. 1948లో టెల్లర్ దాన్ని సూర్యుడి మీద పెట్టి చూశాడు. సూర్యుడి లోపలి అపారదర్శకతకు (వెలుగును అడ్డుకునే గుణానికి) క్రామర్స్ నియమం వాడితే వెలుగు జీకి ఏడో ఘాతంగా మారుతుంది. జీ నెమ్మదిగా మారితే కోణీయ ద్రవ్యవేగం నిలబడి భూమి దూరం జీకి విలోమంగా పోతుంది. రెండూ కలిపితే భూమికి అందే ఎండ తొమ్మిదో ఘాతం, ఉష్ణోగ్రత 2.25 ఘాతం. డిరాక్ చెప్పినంత వేగంగా జీ తగ్గి ఉంటే కేంబ్రియన్ కాలంలో సముద్రాలు మరిగిపోయి ఉండాలి. ట్రైలోబైట్ల శిలాజాలు అలా చెప్పడం లేదు.

ఆ ఏడో ఘాతాన్ని మాత్రం వేదవాక్కులా పట్టుకోకండి. అపారదర్శకత ఎలక్ట్రాన్ చెదరగొట్టడం వల్లే వస్తే వెలుగు నాలుగో ఘాతమే. జీ నెమ్మదిగా రెట్టింపైతే ఎండ ఒక లెక్కలో 64 రెట్లు, ఇంకో లెక్కలో 512 రెట్లు. భూమి సమతుల్య ఉష్ణోగ్రత ఇప్పుడు 255 కెల్విన్. అది 720 అవుతుందా 1,210 అవుతుందా అన్నదే తేడా. నీళ్ళు రెండింటిలోనూ లేవు.

10. ముక్తవేగం

మన (అ) ఉన్నట్టుండి మారే కేసు కదా. ఎండ మర్నాడే పెరుగుతుందా?

11. తారాగర్భం

లేదు. పైన చెప్పిన ఘాతాలు సూర్యుడు కొత్త సమతుల్యానికి చేరాక వర్తించేవి. ఉన్నట్టుండి మారితే రెండు గడియారాలు వేరువేరుగా నడుస్తాయి. ఒకటి పడిపోయే గడియారం: సూర్యుడికి ఇప్పుడు సుమారు 27 నిమిషాలు, జీ రెట్టింపైతే 19. అంటే గంటలోపే బంతి మొత్తం లోపలికి కుంగి, ఒత్తిడి పెరిగి, వెనక్కి తన్నుకొచ్చి ఊగడం మొదలెడుతుంది. రెండోది వేడి బయటికి వచ్చే గడియారం, దాదాపు మూడు కోట్ల ఏళ్ళు. ఈ రెండింటి మధ్య కాలంలో ‘జీకి ఇన్నో ఘాతం’ అని రాసేవాళ్ళను నమ్మకండి. ముందు కనిపించేది ఊగిసలాట, దానితో పై పొరలు వేడెక్కడం.

అసలు బీభత్సం వేరేచోట ఉంది. శ్వేత కుబ్జాలకు (ఇంధనం అయిపోయిన నక్షత్రాల గట్టి అవశేషాలకు) చంద్రశేఖర్ పరిమితి, అంటే దాటితే సొంత బరువుకే కూలిపోయే హద్దు, 1.4 సూర్య ద్రవ్యరాశులు. అది జీకి మైనస్ 3/2 ఘాతంగా పోతుంది. జీ రెట్టింపైతే పరిమితి 0.49కి పడుతుంది. శ్వేత కుబ్జాల మామూలు బరువు 0.6! సిరియస్-బి ఒకటికి కాస్త పైనే. అంటే గెలాక్సీలో ఉన్న శ్వేత కుబ్జాల్లో అధిక భాగం ఒకేసారి పరిమితి దాటేస్తాయి. వాటి పడిపోయే గడియారం కొన్ని సెకన్లే. లోపల ఉన్నది కార్బన్, ఆక్సిజన్. అంటే సూపర్‌నోవాలు, లెక్కలేనన్ని. సూర్యుడు ఊగుతున్నాడని మనం గమనించే లోపే అవి పేలిపోయి ఉంటాయి, కాకపోతే ఆ వెలుగు ఇక్కడికి చేరడానికి ఏళ్ళు పడుతుంది.

12. సందేహాలరావు

నక్షత్ర పరిణామానికి మెసా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది కదా. అందులో స్థిరాంకాల ఫైలు తెరిచి అంకెలు మార్చేస్తే సరిపోదా?

13. తారాగర్భం

జీ వరకు సరిపోతుంది. దానికి ఫైలు కెలకక్కర్లేదు, జీని పొరపొరకూ మార్చుకోవడానికి అందులోనే వీలుంది. ఎలక్ట్రాన్ ఆవేశం మారిస్తే మాత్రం మోసపోతారు. అపారదర్శకత, స్థితి సమీకరణం, కేంద్రక చర్యల రేట్లు ముందే కట్టి పెట్టిన పట్టికల నుంచి వస్తాయి. ఆ పట్టికలు మన విశ్వం ఆల్ఫాతో కట్టినవి. మీరు ఆవేశం మార్చినా అవి మారవు. కోడ్ ఏ తప్పూ చూపకుండా నడిచి అందమైన బొమ్మ ఇస్తుంది. ఆ బొమ్మ ఏ విశ్వానిదీ కాదు.

ఇంకొకటి. ఆడమ్స్ 2008లో పట్టికలు పక్కన పెట్టి సరళమైన నమూనాలతో జీ, ఆల్ఫా, కేంద్రక చర్య బలం అనే మూడింటినీ విశాలంగా మార్చి చూశాడు. ఆ వ్యాప్తిలో సుమారు నాలుగో వంతులో నక్షత్రాలు నిలబడ్డాయి. ‘వెంట్రుకవాసి తేడా వచ్చినా నక్షత్రాలుండవు’ అనడం అతిశయోక్తే.

14. పాదరసం80

(ఆ)కు వస్తాను. ఆల్ఫా రెట్టింపు. తేలిక మూలకాల రసాయనశాస్త్రానికి ఆల్ఫా కేవలం స్కేలు లాంటిది. పరమాణువు సైజు సగం, శక్తులు నాలుగు రెట్లు. హైడ్రోజన్ అయనీకరణ శక్తి 13.6 నుంచి 54.4 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. నిష్పత్తి 1836 మారలేదు కాబట్టి అణువుల ఆకారాలు, బంధ కోణాలు అన్నీ ఇప్పటిలాగే, చిన్న సైజులో ముద్రించినట్టు.

అప్పుడు 300 కెల్విన్ గది, రసాయనానికి 75 కెల్విన్ గదితో సమానం. మంచు కరగాలంటే 273ను నాలుగుతో హెచ్చించి 1,092 కెల్విన్ కావాలి. గది ఉష్ణోగ్రతలో జీవరసాయనం స్తంభిస్తుంది. నైట్రోజన్ మరిగేది 77 దగ్గర, ఆక్సిజన్ 90 దగ్గర కాబట్టి గాలి కూడా ద్రవమై కారిపోతుంది.

15. మితిరహితం

చివరి వాక్యం తప్పు. ఉష్ణోగ్రతను స్కేలు చేసి పీడనాన్ని మర్చిపోయారు. పీడనం అంటే శక్తిని ఘనపరిమాణంతో భాగించడం. శక్తి 4 రెట్లు, ఘనపరిమాణం ఎనిమిదో వంతు, కాబట్టి పీడనపు స్కేలు 32 రెట్లు. ఒక అట్మాస్ఫియర్ ఆ ప్రపంచానికి 1/32 అట్మాస్ఫియర్‌తో సమానం, మన లెక్కలో మూడు కిలోపాస్కల్స్ చిల్లర. 75 కెల్విన్ దగ్గర నైట్రోజన్ బాష్ప పీడనం ఒక్కటే 70 కిలోపాస్కల్స్ పైన, ఆక్సిజన్‌ది 10 పైన. గాలి వాయువుగానే ఉంటుంది. మీ మంచు సంగతి మాత్రం నిజమే.

16. పాదరసం80

సరిదిద్దుకున్నాను. 32ను నా కాగితంలోనూ రాసుకున్నాను.

బరువు మూలకాల దగ్గర స్కేలు కథ చెల్లదు. అక్కడ సాపేక్షతా ప్రభావం ఆల్ఫాను పరమాణు సంఖ్యతో గుణిస్తే వచ్చే అంకె వర్గం ప్రకారం పెరుగుతుంది. బంగారంలో లోపలి ఎలక్ట్రాన్ వేగం ఇప్పటికే కాంతి వేగంలో 58 శాతం. ఆల్ఫా సున్నా వైపు పోతే, అంటే ఆ ప్రభావాలు మాయమైతే, బంగారం వెండిలా తెల్లగా ఉంటుంది. పాదరసం గది ఉష్ణోగ్రతలో గడ్డకట్టి ఉంటుంది: 2013లో చేసిన సిమ్యులేషన్‌లో సాపేక్షత లేకుండా ద్రవీభవన స్థానం 355 కెల్విన్, సాపేక్షతతో 250. నిజం 234. సీసం-ఆమ్లం బ్యాటరీలో ఒక్కో సెల్ ఇచ్చే 2.1 వోల్ట్‌లలో 1.7 నుంచి 1.8 దాకా సాపేక్షతా ప్రభావమేనని 2011 లెక్క. ఆ ప్రపంచంలో సీసం తగరానికి తమ్ముడే. తగరంతో అలాంటి బ్యాటరీ ఎవరూ చేయరు కదా.

ఆల్ఫా రెట్టింపైతే బంగారానికి ఆ అంకె 1.15. బిందు కేంద్రకంతో రాసిన డిరాక్ సమీకరణం 1 దాటితే పనిచేయదు. కేంద్రకానికి సైజు ఇచ్చి కట్టాలి.

17. కేంద్రకం

ఎలక్ట్రాన్ల దాకా ఎందుకు, ఆల్ఫా రెట్టింపులో బంగారు కేంద్రకమే ఉండదు. కేంద్రకాన్ని ద్రవపు బొట్టులా చూసే ద్రవ బిందు నమూనాలో పరమాణు సంఖ్య వర్గాన్ని ద్రవ్యరాశి సంఖ్యతో భాగిస్తే ఇప్పుడు 50 దగ్గర కేంద్రకం దానంతట అదే చీలుతుంది. ఆల్ఫా రెట్టింపైతే ఆ హద్దు 25. బంగారానికి ఆ విలువ 31.7, సీసానికి 32.3. రెండూ తక్షణ విచ్ఛిత్తి. తగరం 21, ఇనుము 12, బతికాయి.

అయితే ఇది ఇప్పుడున్న సీసాన్ని ఉన్నట్టుండి ఆ ప్రపంచంలో పడేసినప్పటి మాట. మొదటి నుంచే ఆల్ఫా రెట్టింపుగా ఉంటే స్థిర కేంద్రకాల గీతే పక్కకు జరుగుతుంది. కూలుంబ్ పదం (ప్రోటాన్ల వికర్షణ లెక్క) 0.71కి బదులు 1.42 ఎంఈవీ (ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్ట్‌లు) పెట్టి కట్టండి. ద్రవ్యరాశి సంఖ్య 208కి స్థిరమైన ప్రోటాన్ల సంఖ్య 82 కాదు, 68 వస్తుంది. దాని భాగఫలం 22, హద్దు 25 కింద. అంటే బరువు కేంద్రకాలు ఉండొచ్చు, ప్రోటాన్లు తక్కువ, న్యూట్రాన్లు ఎక్కువ. మితిరహితం గారు మొదట్లోనే అడిగిన ‘ఉన్నట్టుండా, మొదటి నుంచా’ అన్నది ఇక్కడ జవాబునే తిప్పేసింది.

వీటన్నిటి కంటే ముందు హైడ్రోజన్‌ను చూడండి. న్యూట్రాన్ ప్రోటాన్ కంటే 1.293 ఎంఈవీ బరువు. ఇందులో క్వార్కుల (ప్రోటాన్, న్యూట్రాన్‌ల లోపలి కణాల) ద్రవ్యరాశి తేడా న్యూట్రాన్‌ను సుమారు 2 నుంచి 2.3 ఎంఈవీ బరువెక్కిస్తుంది. విద్యుత్ శక్తి ప్రోటాన్‌ను 0.8 నుంచి 1 దాకా బరువెక్కించి దాన్ని తగ్గిస్తుంది. ఆల్ఫా రెట్టింపైతే ఆ రెండో భాగం రెట్టింపు, నికర తేడా 0.3 నుంచి 0.5. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి 0.511. తేడా దాని కిందకు జారిందంటే ప్రోటాన్ ఎలక్ట్రాన్‌ను మింగి న్యూట్రాన్ అయిపోతుంది. పాదరసం80 గారి 54.4 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల హైడ్రోజన్ అప్పటికే కొండ అంచు దాటి పడిపోయింది.

18. ముక్తవేగం

అయితే (ఇ) కూడా ఇదే గడప కదా. ఎలక్ట్రాన్ బరువు పెరిగితే ఏ కేంద్రకం ముందు పోతుంది?

19. కేంద్రకం

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన లెక్క, ఎందుకంటే బీటా క్షయ (కేంద్రకంలో న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి ఎలక్ట్రాన్‌ను వదలడం) శక్తుల పట్టిక ఒక్కటి ఉంటే చాలు. పద్ధతి: ఇప్పుడు బీటా క్షయం చెందే కేంద్రకం విడుదల చేసే శక్తికి 0.511 కలపండి. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి ఆ మొత్తాన్ని దాటిన క్షణం ఆ క్షయం ఆగిపోయి, దిశ తిరగబడుతుంది: పిల్ల కేంద్రకం ఎలక్ట్రాన్‌ను పట్టుకుని మళ్ళీ తల్లి అవుతుంది.

మొదటి బలి ఆస్మియం-187. రీనియం-187 క్షయ శక్తి 2.5 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌లే, కాబట్టి ఎలక్ట్రాన్ అర శాతం బరువెక్కితే చాలు. తర్వాత 3.6 శాతం దగ్గర ట్రిటియం (రెండు న్యూట్రాన్లున్న హైడ్రోజన్) స్థిరపడి హీలియం-3 అస్థిరమవుతుంది. 31 శాతం దగ్గర కార్బన్-14 స్థిరం, నైట్రోజన్-14 అస్థిరం! గాలిలో అధిక భాగం మెల్లగా కార్బన్‌గా మారుతుంది. మెల్లగా అన్నది ఊరికే అనలేదు. కార్బన్-14 అర్ధాయువు 5,730 ఏళ్ళు ఉండడానికి కారణమైన అడ్డు ఆ దిశలోనూ ఉంటుంది.

2.53 రెట్లకు మామూలు హైడ్రోజన్ పోతుంది. ‘హైడ్రోజన్ పోయింది, నీళ్ళు పోయాయి’ అని చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఆగక్కర్లేదు. డ్యుటీరియం (ఒక న్యూట్రాన్ ఉన్న హైడ్రోజన్) బంధన శక్తి 2.22 ఎంఈవీ దానికి కవచం, అది 6.9 రెట్ల దాకా నిలుస్తుంది. భారజలం ఉంటుంది. ఇనుము-56 సుమారు 8 రెట్లకు, ఆక్సిజన్-16 దాదాపు 21కి, కార్బన్-12 దాదాపు 27కి పోతాయి.

20. పాదరసం80

ఎలక్ట్రాన్ 207 రెట్లు బరువైతే రసాయనం ఎలా ఉంటుందో ఊహించక్కర్లేదు, ప్రయోగశాలలో చూశారు. మ్యూయాన్ అంటే అదే: 207 రెట్లు బరువైన ఎలక్ట్రాన్, ఆయువు 2.2 మైక్రోసెకన్లు. దాన్ని హైడ్రోజన్ అణువులో పెడితే రెండు కేంద్రకాల మధ్య దూరం సుమారు 200 రెట్లు తగ్గి, ఏ వేడీ లేకుండానే సంలీనం జరుగుతుంది. 1956లో ఆల్వరెజ్ బృందం బబుల్ చాంబర్‌లో చూసింది. డ్యుటీరియం-ట్రిటియం మిశ్రమంలో ఒక్క మ్యూయాన్ తను చచ్చేలోపు నూటికి పైగా సంలీనాలు జరిపిస్తుంది. చివరికి పుట్టిన హీలియానికి అతుక్కుపోయి పని మానేస్తుంది. ఆ అతుకుడు ఒక్కోసారికి ఒక శాతం లోపే అయినా, విద్యుత్ కేంద్రంగా గిట్టుబాటు కాకుండా చేసేది అదే.

21. సందేహాలరావు

బలమైన కేంద్రక బలం జాబితాలో లేదే? రెండు శాతం పెరిగితే ఇద్దరు ప్రోటాన్లు అతుక్కుపోయి నక్షత్రాలు బాంబుల్లా పేలతాయని చాలాచోట్ల రాసి ఉంటుంది.

22. తారాగర్భం

పాత వాదన. రెండు ప్రోటాన్ల జంట ఇప్పుడు కొంచెంలో అతుక్కోకుండా పోతోంది, కాబట్టి కొద్ది శాతం పెరిగితే అతుక్కుంటుందన్న మాట నిజమే. పేలుతుందన్నదే నిలబడలేదు. చర్య సులువైతే నక్షత్రం తక్కువ ఉష్ణోగ్రతలోనే సమతుల్యానికి వచ్చి మండుతుంది. పొయ్యిలో కట్టెలు తేలిగ్గా అంటుకుంటే మంట చిన్నది పెట్టుకున్నట్టు. 2015లో బార్న్స్ చేసిన లెక్కలో అలాంటి నక్షత్రాలూ నిలకడగానే ఉన్నాయి.

గట్టి వాదన కావాలంటే కార్బన్ దగ్గరికి రండి. బెరీలియం-8 బతికేది 10⁻¹⁶ సెకను లోపు. ఆ వ్యవధిలో మూడో హీలియం వచ్చి తగలాలి. కార్బన్-12కి 7.65 ఎంఈవీ దగ్గర హాయిల్ స్థితి అనే ఉత్తేజిత స్థితి ఉండబట్టే, అది మూడు హీలియంల మొత్తం కంటే 0.38 ఎంఈవీ మాత్రమే పైన ఉండబట్టే, పని జరుగుతోంది. ఆ 0.38 అన్నది ఘాతంలో కూర్చుంది కాబట్టి కొద్దిగా కదిలినా రేటు విపరీతంగా మారుతుంది. 2000లో ఓబెర్‌హుమ్మర్, చోటో, ష్లాటల్ నక్షత్ర నమూనాల్లో పెట్టి చూస్తే కేంద్రక బలం అర శాతం, లేదా విద్యుత్ వికర్షణ నాలుగు శాతం మారితే చాలు. ఒక దిక్కున కార్బన్, ఇంకో దిక్కున ఆక్సిజన్ పదుల నుంచి వందల రెట్లు పడిపోయాయి. మూలకాలు ‘ఉండవు’ అనకండి, ‘అరుదవుతాయి’ అనండి.

మహావిస్ఫోటం నాటి హీలియం గురించి ఒక్క మాట: జీ మొదటి నుంచే రెట్టింపైతే విస్తరణ వేగం 1.41 రెట్లు, న్యూట్రాన్లు ఎక్కువ మిగులుతాయి, హీలియం వాటా 25 శాతం నుంచి 31 శాతం దగ్గరికి పెరుగుతుంది. అంతే. అక్కడ ప్రళయమేమీ లేదు.

23. ముక్తవేగం

ఇప్పటిదాకా మన విశ్వంలో ఇవేవీ మారలేదని ఎంత గట్టిగా చెప్పగలం?

24. గడియారం

పాత కొలతల్లో నాకు నచ్చేది ఆఫ్రికాలోని గబాన్ దేశంలో ఉన్న ఓక్లో యురేనియం గని. 1972లో అక్కడి యురేనియంలో 235 వాటా 0.7202 శాతానికి బదులు 0.7171 కనిపించి కథ మొదలైంది. దాదాపు 200 కోట్ల ఏళ్ళ కిందట అక్కడ సహజ రియాక్టర్ నడిచింది. సమేరియం-149 న్యూట్రాన్‌ను మింగే అనునాదం (అది న్యూట్రాన్‌ను తేలిగ్గా పట్టే ప్రత్యేక శక్తి) 0.097 ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గర ఉంది. అది కోట్ల ఎలక్ట్రాన్ వోల్ట్‌ల స్థాయి శక్తుల కూడికలు, తీసివేతలు పోను మిగిలిన చిల్లర. ఆల్ఫాలో కోటిలో ఒక వంతు మార్పు దాన్ని 0.1 ఎలక్ట్రాన్ వోల్ట్ జరిపేస్తుంది. ఓక్లో ఖనిజంలో సమేరియం-149 ఎంత హరించుకుపోయిందో చూస్తే అనునాదం దాదాపు అక్కడే ఉండేదని తేలుతుంది. 1976లో ష్ల్యాఖ్టర్ ఈ ఉపాయం పట్టాడు. లోపం ఒకటుంది: ఆల్ఫాతో పాటు కేంద్రక బలమూ మారి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే ఈ పద్ధతికి కనిపించదు.

ఇప్పటి రేటుకు పరమాణు గడియారాలు. ఒకే గడియారంతో ఏమీ తేలదు, రెండింటి నిష్పత్తి కావాలి, వాటి స్పందన ఆల్ఫాకు వేరుగా ఉండాలి. యిటర్బియం అయాన్‌లో ఒక సంక్రమణం (ఎలక్ట్రాన్ ఒక శక్తి స్థాయి నుంచి ఇంకో స్థాయికి దూకడం) స్పందన గుణకం, అంటే ఆల్ఫా మార్పుకు అది ఎన్ని రెట్లు కదులుతుందో చెప్పే అంకె, −6 దగ్గర, ఇంకొకటి +1 దగ్గర. రెండూ ఒకే అయాన్‌లో దొరుకుతాయి కాబట్టి ఉష్ణోగ్రత, అయస్కాంత క్షేత్రం లాంటి తప్పులు చాలావరకు ఉమ్మడి. ఆ నిష్పత్తిని ఏళ్ళ తరబడి చూస్తే ఆల్ఫా మార్పు ఏడాదికి 10⁻¹⁸ స్థాయిలో కూడా కనిపించలేదు. జీ విషయంలో అంత పట్టు లేదు: చంద్రుడి మీది అద్దాలకు లేజర్ కొట్టి చూస్తే ఏడాదికి 10⁻¹² కంటే తక్కువని మాత్రం ఢోకా లేకుండా అనొచ్చు.

25. సందేహాలరావు

స్పందన గుణకం ఇంకా పెద్దదైతే? −6 చిన్నదే కదా.

26. గడియారం

అందుకే థోరియం-229 మీద అందరి కళ్ళూ. దాని కేంద్రకంలో 8.4 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర ఒక ఉత్తేజిత స్థితి ఉంది. కేంద్రక స్థాయిలో అది చిల్లర కంటే చిల్లర, ఓక్లో సమేరియంలాగే రెండు పెద్ద శక్తుల తేడా. అంచనాల ప్రకారం గుణకం వేలల్లో ఉంటుంది. 148 నానోమీటర్ల లేజర్‌తో దాన్ని ఉత్తేజపరచడం 2024లో కుదిరింది. ఇక దాన్ని స్ట్రాన్షియం గడియారంతో ఏళ్ళ తరబడి పోల్చుతూ పోవాలి. స్ట్రాన్షియం గుణకం 0.06, అంటే ఆల్ఫా మారినా దాదాపు కదలదు, ఆధారంగా బాగుంటుంది. స్ఫటికంలో పొదిగిన థోరియానికి ఇబ్బంది ఉష్ణోగ్రత. స్ఫటికం వేడెక్కితే చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రం మారి గీత జరుగుతుంది. అది ఆల్ఫా మారినట్టే కనిపిస్తుంది. కాబట్టి ముందు ఉష్ణోగ్రతకు తక్కువగా కదిలే గీతను ఎంచుకుని, ఆ తర్వాతే ఏళ్ళ లెక్క మొదలుపెట్టాలి.